అరువు సుఖం, అరువు మాట: గాబ్రియేల్ రువాను 'కరుణామయి' అనడం చాలిద్దాం

ఫ్రెంచి సాహిత్యం అనగానే తెలుగు పాఠకుడి ఊహ పారిస్ పొలిమేర దాటదు. మొపాసా కథలు మనకు చిరపరిచితం. జోలా, కామూ, సిమోన్ ద బోవా పేర్లు తెలియని సాహిత్యాభిమాని అరుదు. హ్యూగో మహానవల 1950లోనే 'బీదలపాట్లు' పేరుతో మన వెండితెర మీదికి వచ్చింది. కానీ అదే భాషలో, అట్లాంటిక్‌కు ఈవలి ఒడ్డున, మంచు మైదానాల మధ్య పుట్టి పెరిగిన ఒక రచయిత్రి పేరు చెబితే, కెనడాలో ఏళ్ళ తరబడి ఉంటున్న తెలుగువారు కూడా 'బెంగాలీ ఆవిడా?' అని అడుగుతారు. ఆమె ఇంటిపేరు ఇంగ్లీషు నోట 'రాయ్' అవుతుంది కాబట్టి ఆ ప్రశ్న. ఫ్రెంచి నోట అది 'రువా'.

గాబ్రియేల్ రువా 1909 మార్చి 22న మానిటోబా రాష్ట్రంలోని సెయింట్ బోనిఫేస్‌లో పుట్టారు. 1983 జులైలో కెబెక్ నగరంలో మరణించారు. మొదటి నవల 'బొనర్ దొకాజియోఁ' 1945లో మాంట్రియల్‌లో వెలువడింది. 1947లో అది ఫ్రాన్సులో ఫెమినా బహుమతి అందుకుంది. ఆ బహుమతి పొందిన తొలి కెనడా రచన అదే. అదే ఏడాది 'ది టిన్ ఫ్లూట్' పేరుతో వచ్చిన ఇంగ్లీషు అనువాదాన్ని అమెరికాలో లిటరరీ గిల్డ్ అనే పుస్తకసంఘం తన నెలవారీ ఎంపికగా తీసుకుని లక్షల ప్రతులు పంచింది. కెనడా గవర్నర్ జనరల్ బహుమతి ఆమెకు మూడుసార్లు దక్కింది. 2004లో అచ్చయిన ఇరవై డాలర్ల నోటు మీద కళను గురించి ఆమె రాసిన వాక్యం ఒకటి ఉండేది. చాలాకాలం మన జేబుల్లో తిరిగిన వాక్యం అది. చదివిన వాళ్ళెందరో!

ఆమెను చదవకపోవడం ఒక సంగతి. చదివిన కొద్దిమందీ చదివే తీరు మరొక సంగతి. ఈ వ్యాసంలో నా తగవు ప్రధానంగా ఆ రెండోదానితోనే.

ఇంగ్లీషులో చదివిన మనవాళ్ళ నోట రువా గురించి తరచు రెండు మాటలు వినబడతాయి. ఒకటి: 'ఆవిడ కరుణామయి. పేదల మీద తల్లి ప్రేమతో రాసింది'. రెండు: 'మాంట్రియల్ మురికివాడల జీవితానికి అది మంచి సామాజిక పత్రం'. రెండూ మెచ్చుకోళ్ళే. రెండూ ఆమెను నొప్పి లేకుండా పక్కన పెట్టేసే మెచ్చుకోళ్ళు. ఒక స్త్రీ పేదరికం గురించి రాస్తే అది కరుణ, పురుషుడు రాస్తే అది దృక్పథం! జోలాను ఎవరైనా 'తండ్రి ప్రేమతో రాశాడు' అన్నారా? 'సామాజిక పత్రం' అనే మాట కూడా అంతే. ఒక నవలను పత్రంగా ఒప్పుకున్నామంటే, ఆ కాలం గడిచిపోగానే దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసే హక్కు కూడా మనకు వచ్చేసినట్టే.

నవలలోకి వెళదాం. కాలం 1940. స్థలం మాంట్రియల్‌లోని సెయింట్ ఆన్రీ, రైలుపట్టాల పక్కన, ఫ్యాక్టరీల పొగలో మునిగిన కార్మికవాడ. లకాస్ కుటుంబంలో తండ్రి అజారియస్ వడ్రంగి. ఆర్థికమాంద్యం ఆయన పనిని మింగేసింది. తల్లి రోజ్-ఆన్నా వరుస కాన్పులతో, ఏటేటా ఇల్లు మారే అగచాట్లతో అరిగిపోయిన మనిషి. పెద్దకూతురు ఫ్లోరెంటీన్ ఒక చవక దుకాణంలోని భోజనపు కౌంటర్ దగ్గర పనిచేస్తూ ఇల్లు నెట్టుకొస్తుంది. జాన్ అనే యువకుణ్ణి ప్రేమించి, గర్భవతై, ఆ సంగతి చెప్పకుండా ఇమ్మాన్యుయేల్ అనే మంచివాణ్ణి పెళ్ళాడుతుంది. ఆ ఇంటి దరిద్రం చివరికి ఎలా తీరుతుంది? యుద్ధంతో. కొడుకు సైన్యంలో చేరతాడు, తండ్రి చేరతాడు, అల్లుడు అప్పటికే సైనికుడు. యూరప్ తగలబడుతుంటే సెయింట్ ఆన్రీలో పొయ్యి వెలుగుతుంది. శాంతికాలంలో పనికిరారన్న మనుషులకు చావడానికైతే జీతం ఇస్తామన్న ఒక వ్యవస్థను, గొంతు పెంచకుండా, ఒక్క నినాదం లేకుండా బోను ఎక్కించిన నవల ఇది. దీన్ని కరుణ అనడం, శస్త్రచికిత్స చేసే చేతిని పట్టుకుని 'ఎంత మెత్తని చెయ్యి' అనడం లాంటిది.

ఆ పేరును గమనించండి. 'దొకాజియోఁ' అంటే చేతులు మారి, చవకగా, అవకాశాన్ని బట్టి దొరికిన సరుకు. మన వాడుకలో సెకండ్‌హ్యాండ్ సుఖం. పేదవాడికి సుఖం కూడా ఒకరు వాడి వదిలేసినదే దొరుకుతుందన్న చేదు వెక్కిరింపు ఆ రెండు మాటల్లో ఉంది. ఇంగ్లీషులో అది 'తగరపు పిల్లనగ్రోవి' అయింది. చిన్నకొడుకు డేనియల్ ఆశపడి, తల్లి కొనివ్వలేకపోయిన బొమ్మ అది. వెక్కిరింపు పోయి కన్నీరు మిగిలింది. 'కరుణామయి' బిరుదు సగం ఇక్కడే తయారైందని నా అనుమానం.

ఇంకో ఉదాహరణ చూడండి. కెనడా ఫ్రెంచిలో 'పూద్రరీ' అంటే గాలికి పొడిలా ఎగిరే మంచు. ఫ్రాన్సు ఫ్రెంచిలో అదే మాటకు అర్థం తుపాకిమందు కర్మాగారం. 1947 నాటి అనువాదకురాలు హానా జోసెఫ్‌సన్‌కు ఈ నేల మాట తెలియలేదు. ఫలితంగా, మంచుగాలి విరుచుకుపడిన చోట ఇంగ్లీషు పుస్తకంలో మందుగుండు ఫ్యాక్టరీ పేలింది! 1980లో అలన్ బ్రౌన్ కొత్త అనువాదం వచ్చేదాకా ఇంగ్లీషు పాఠకులకు ఆ పాత పుస్తకమే గతి. నిఘంటువులో ఉన్న భాష వేరు, ఒక ఊళ్ళో బతికే భాష వేరు అని గిడుగు రామమూర్తి పంతులు గారు మనకు శతాబ్దం కిందటే చెప్పారు. మనం ప్రపంచ సాహిత్యమంతా ఇంగ్లీషు కిటికీలోంచే చూస్తూ, ఆ కిటికీ అద్దం మీది గీతల్ని కూడా మూలంలోని గీతలే అనుకుంటున్నాం.

ఈ దేశం చేసిన సన్మానం కూడా అదే తరహా. 1947 నాటికి గవర్నర్ జనరల్ బహుమతుల్లో ఫ్రెంచి విభాగమే లేదు. అది 1959లో గాని రాలేదు. కాబట్టి ఫ్రెంచిలో రాసిన ఈ నవలకు దాని ఇంగ్లీషు అనువాదం మీద బహుమతి ఇచ్చారు. 'ర్యూ దెషాంబో' విషయంలోనూ 1957లో అదే జరిగింది. తన భాషలోని తన పుస్తకానికి ఆ బహుమతి అందుకోవడానికి ఆమె 1977 దాకా, 'నా జీవితంలోని ఆ పిల్లలు' అనే అర్థం వచ్చే పుస్తకం దాకా, ఆగాల్సి వచ్చింది. అనువదించుకున్నాక మాత్రమే గౌరవించడం అనే ఈ పద్ధతి మనకు తెలియనిదా?

ఇప్పుడు వైద్యుడిగా ఒక మాట. ఈ నవలలో నేను మాటిమాటికీ వెనక్కి వెళ్ళే ఘట్టం డేనియల్ ఆసుపత్రి ఘట్టం. ఆ పిల్లవాడికి ల్యుకేమియా. 1940లో దానికి మందు లేదు. పిల్లల ల్యుకేమియాను తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గించే మందు దొరికింది 1947-48లో, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ప్రయోగాలతో. కొండ మీది ఆ ఆసుపత్రి శుభ్రంగా ఉంది, పడక వెచ్చగా ఉంది, ఇంట్లో ఎన్నడూ లేనన్ని బొమ్మలున్నాయి. అక్కడి నర్సు జెన్నీ చాలా మంచిది. కానీ ఆమెకు ఇంగ్లీషు తప్ప మరో మాట రాదు. తల్లి రోజ్-ఆన్నాకు ఇంగ్లీషు రాదు. పిల్లవాడు ఆ నర్సుకు అలవాటు పడిపోయాడు. తన కన్నబిడ్డ మంచం పక్కన తల్లి పరాయిదానిలా నిలబడుతుంది. ఇందులో దుర్మార్గుడెవరూ లేడు. జెన్నీని ద్వేషించడానికి రువా మనకు ఏ వీలూ ఇవ్వలేదు. అన్యాయం చేయడానికి చెడ్డవాళ్ళు అక్కర్లేదు, తల్లి భాషకు చోటులేని ఒక మంచి గది చాలు అని అంత నెమ్మదిగా చెప్పిన రచన మరొకటి నేను చదవలేదు.

ఈ ఘట్టం 1940తో ముగిసిపోయిందా? పిల్లల దగ్గరికి వచ్చిన మన పెద్దవాళ్ళతో ఇక్కడి ఆసుపత్రికి వెళ్ళిన వారినెవరినైనా అడగండి. మోకాలు సలుపుతుంది, పన్ను పోటు పెడుతుంది, ఒళ్ళు తీపులు తీస్తుంది, నరం గుంజుతుంది, అరికాలు చురచురలాడుతుంది. ఒక్కొక్క మాటా వైద్యుడికి ఒక్కొక్క ఆనవాలు. ఇవన్నీ పక్కన కూర్చున్న పదేళ్ళ మనవడి నోట 'పెయిన్' అనే ఒక్క మాటగా బయటికి వస్తాయి. వాడికి సలుపు తెలియదు, పోటు తెలియదు. తెలియడానికి మనం చెప్పలేదు. నానమ్మకు వచ్చింది క్యాన్సరని ఆ పసివాడి చేత చెప్పించే పరిస్థితి కూడా వస్తుంటుంది. అది ఆ ఇద్దరికీ అన్యాయం. దుబాసీల సేవలు ఉన్నాయి, వాటిని అడిగి తీసుకోవాలి. కానీ ఏ దుబాసీ పూడ్చలేని గొయ్యి ఒకటుంది. నానమ్మ చివరి రోజుల్లో మనవడు ఆమెతో ఏ భాషలో మాట్లాడతాడు?

ఇక్కడే నాకు ఎదురువాదం వినిపిస్తుంది. 'భాష ఒక పనిముట్టు. ఇది పోతే ఇంకొకటి. మనిషి బాగుపడ్డాడా లేదా అన్నదే లెక్క. భాష గొడవ తిండికి కరువు లేనివాళ్ళ విలాసం'. కెబెక్ 1977లో 101వ చట్టం తెచ్చినప్పటినుంచీ, 2022లో దాన్ని బిగించినప్పుడూ ఇదే మాట. మన ఇళ్ళలోనూ ఇదే మాట. దీనికి రువా జీవితం కంటే మంచి జవాబు నాకు తెలియదు.

1870లో మానిటోబా ఏర్పడినప్పుడు చట్టసభలో, న్యాయస్థానాల్లో ఫ్రెంచికి, ఇంగ్లీషుకు సమాన హోదా ఇచ్చారు. 1890లో ఇంగ్లీషును ఏకైక అధికార భాష చేశారు. 1916లో థార్న్‌టన్ చట్టంతో ద్విభాషా పాఠశాలల్ని రద్దు చేశారు. ఫ్రెంచి ఒక్కటే కాదు, ఉక్రేనియన్, పోలిష్, జర్మన్ పిల్లల చదువూ దాంతో పోయింది. అప్పటికి గాబ్రియేల్‌కు ఏడేళ్ళు. తనిఖీ అధికారి వస్తున్నాడంటే సన్యాసినులు నడిపే బడిలో ఫ్రెంచి పుస్తకాలు మాయమయ్యేవి. ఆ చట్టాన్ని తెచ్చినవాళ్ళు రాక్షసులేమీ కాదు. 'వలసవచ్చిన వాళ్ళ పిల్లలు వెనకబడిపోకూడదు' అన్నదే వాళ్ళ వాదమూ. 1890 నాటి చట్టం చెల్లదని సుప్రీంకోర్టు తేల్చడానికి 1979 డిసెంబరు దాకా పట్టింది. అదీ సెయింట్ బోనిఫేస్‌లో జార్జ్ ఫారెస్ట్ అనే పౌరుడు, ఇంగ్లీషులో మాత్రమే ఉన్న పార్కింగు జరిమానా చీటీని సవాలు చేసినందువల్ల! తొంభై ఏళ్ళలో నష్టపోయిన తరాలకు ఆ తీర్పు ఏం తిరిగి ఇవ్వగలదు?

రువా ఆత్మకథ ఆమె మరణానంతరం 1984లో వెలువడింది. దుఃఖాన్ని, సమ్మోహాన్ని జంటగా చెప్పే పేరు దానిది. అందులో మొదటగా కనిపించేది విన్నిపెగ్ ఈటన్ దుకాణానికి వెళ్ళే తల్లీకూతుళ్ళు. వంతెన దాటే వరకు నవ్వుతూ తుళ్ళుతూ వచ్చిన తల్లి, దాటగానే మరో మనిషవుతుంది. రాని ఇంగ్లీషులో బేరమాడుతుంది, లేదా ఫ్రెంచి తెలిసిన మనిషి కోసం అడుగుతుంది, చుట్టుపక్కల వాళ్ళు తిరిగి చూస్తారు, కూతురు సిగ్గుతో కుంచించుకుపోతుంది. సిగ్గు అనే ఆ మాట మీదే నా వాదమంతా నిలుస్తుంది. పనిముట్టు పోతే మనిషికి ఇబ్బంది కలుగుతుంది, అంతే. తల్లి నోరు విప్పితే కూతురు తలదించుకోవడం ఏ పనిముట్టు వల్లా జరగదు.

అలాగని రువా ఇంగ్లీషు ద్వేషి కాదు. షేక్స్‌పియర్‌ను ప్రేమించింది. వలస కుటుంబాల పసిపిల్లలకు ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పింది. ఇంగ్లీషులో రాసి వెలగగల శక్తి ఉండీ, 1938లో ఇంగ్లండులోని ఒక పల్లెలో కూర్చుని, తనకు మాట ఫ్రెంచిలోనే పుడుతుందని గ్రహించి అటు తిరిగింది. 1967లో ద గాల్ మాంట్రియల్‌కు వచ్చి 'స్వేచ్ఛా కెబెక్' నినాదం ఇచ్చినప్పుడు బహిరంగంగా నిరసించి, కెబెక్ జాతీయవాదుల కోపానికి గురైంది. భాషను ప్రేమించడానికి ఇంకొకరిని శత్రువు చేసుకోనక్కర్లేదని ఆమె రెండు వైపులా తిట్లు తిని మరీ నిరూపించింది.

మన సంగతికి వద్దాం. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మాధ్యమాన్ని తప్పనిసరి చేస్తే, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. అప్పుడు జరిగిన చర్చలో దళిత, బహుజన మేధావులు వేసిన ప్రశ్న న్యాయమైనది: 'మీ పిల్లల్ని ఇంగ్లీషులో చదివించుకుని, మా పిల్లలకు మాత్రం మాతృభాష గొప్పదనం బోధిస్తారా?' ఆ ప్రశ్నకు నాలాంటి ప్రవాసి ముందుగా తలవంచాలి. మానిటోబాలో అధికసంఖ్యాకులు అల్పసంఖ్యాకుల భాషను లాగేసుకున్నారు. ఆంధ్రలో పేద తల్లిదండ్రులు తామే ఇంగ్లీషు కోరారు. రెండూ ఒకటని నేను అనను. కానీ నిచ్చెన కావాలన్న కోరికకూ, నిచ్చెన ఎక్కాలంటే ఇల్లు తగలబెట్టాలన్న షరతుకూ తేడా ఉంది. ఆ షరతు పెట్టింది పేదవాళ్ళు కాదు. తెలుగు మాట్లాడితే జరిమానా వేసిన ప్రైవేటు బడులకు ఫీజులు కట్టి, ఇళ్ళలో 'డోంట్ టాక్ ఇన్ తెలుగు' అని కసిరిన మన మధ్యతరగతి పెట్టింది. ఇంగ్లీషు నేర్పడం న్యాయం. తెలుగు మీద సిగ్గు నేర్పడం నేరం. రువా బతుకంతా ఈ రెంటినీ విడదీసి చూపించిన బతుకు.

ఆమె చూపు తనవాళ్ళ దగ్గరే ఆగిపోలేదు. తండ్రి లియోఁ వలసదారులకు భూములు చూపించి స్థిరపరిచే ప్రభుత్వోద్యోగి. పింఛను అందబోయే ముందు 1915లో ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. ఆయన వెంట ఆ ఇంట్లోకి వచ్చిన ఉక్రేనియన్లు, దుఖొబోర్లు అందరూ ఆమె కథల్లోకి వచ్చారు. మైదానాల్లో ఒంటరిగా చిన్న హోటలు నడుపుకునే చైనావాడు సామ్ లీ వాంగ్ కథ చదివి, మన పక్కింటి వలసదారుణ్ణి పూర్వంలాగే చూడడం కష్టం. 1961లో ఉంగావా చూసివచ్చి, ఇన్యూయిట్‌ల గురించి రాసింది. 'ఉపగ్రహాలు' కథలో కణితితో బాధపడే డెబొరాను విమానంలో దక్షిణాది ఆసుపత్రికి తీసుకువస్తారు. వైద్యం అందుతుంది, ప్రాణం కొంత పొడిగిస్తారు. తనదైన లోకమంతా దూరమవుతుంది. చివరికి ఆమె తన మంచు మీదికే నడిచి వెళ్ళిపోతుంది. బయటి మనిషి కొద్దిరోజులు చూసి రాసిందన్న విమర్శలో నిజముంది. ఇన్యూయిట్ రచయితలు స్వయంగా రాసింది దాని పక్కన పెట్టుకునే చదవాలి. అయినా, 'ప్రాణం నిలబెట్టాం కదా' అని చేతులు దులుపుకునే నా వృత్తికి ఆ కథ వేసే ప్రశ్న అలాగే ఉంది: ఎవరి మధ్య, ఏ మాటల మధ్య బతకడానికి నిలబెట్టారు?

1937లో, ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో, టీచరు జీతంలోంచి కూడబెట్టుకున్న డబ్బుతో ఆమె తల్లిని వదిలి యూరప్ ఓడ ఎక్కింది. 1939లో తిరిగివచ్చి మాంట్రియల్‌లోనే ఉండిపోయి, పత్రికలకు రాసుకుని బతికింది. 1943లో తల్లి మెలీనా పోయింది, కూతురి నవల రాకముందే. ఆ అపరాధభావం ఆత్మకథ పొడుగునా వినిపిస్తుంది. దీన్ని ప్రవాసాంధ్రులకు వివరించవలసిన పనిలేదు. కానీ మన ప్రవాస కథల్లో ఎక్కువభాగం ఈ బరువును గోంగూర పచ్చడి జ్ఞాపకాల్లో కరిగించేస్తుంది. రువా కరిగించలేదు. వెళ్ళినందుకు క్షమాపణ కోరలేదు, వెళ్ళడం ఉచితమని నటించలేదు. ఆ లెక్క చివరిదాకా తెరిచే ఉంచింది.

ఇప్పుడు నా ఫిర్యాదు సూటిగా చెబుతాను. ఈ దేశానికి రావడానికి, వచ్చాక ఉండిపోవడానికి, ఫ్రెంచి వస్తే అదనపు పాయింట్లున్నాయి. 2023 నుంచి ఫ్రెంచి వచ్చినవారికి ప్రత్యేకంగా పిలుపులు కూడా వస్తున్నాయి. హైదరాబాదులో, టొరంటోలో ఎందరో తెలుగు యువతీయువకులు రాత్రింబవళ్ళు క్రియారూపాలు వల్లెవేస్తున్నారు. పరీక్ష గట్టెక్కగానే ఆ భాషను పాత పాఠ్యపుస్తకంలా మూల పడేస్తున్నారు. ఇదే మనం చేసుకున్న 'దొకాజియోఁ' బేరం: భాష కూడా సెకండ్‌హ్యాండ్ సరుకే, అవసరం తీరితే అమ్మేయవచ్చు! తన భాషను పనిముట్టుగా చూడడం అలవాటైనవాడు పరాయి భాషనూ అలాగే చూస్తాడు.

దీనికి విరుగుడు కష్టమైనదేమీ కాదు. అంత కష్టపడి నేర్చుకున్న ఫ్రెంచితో ఒక్క పుస్తకం చదవండి. 'ర్యూ దెషాంబో'తో మొదలుపెట్టండి. వాక్యాలు తేలిక, అధ్యాయాలు చిన్నవి. చదివినవారిలో ఒక్కరైనా ఒక్క కథను, ఇంగ్లీషు గడప తొక్కకుండా, నేరుగా తెలుగులోకి తీసుకురండి. సలుపును సలుపనీ, పోటును పోటనీ రాయగల తెలుగులోకి. ఆ అనువాదాన్ని మీ ఇంటి పదేళ్ళ పిల్లవాడి చేత బిగ్గరగా చదివించండి. వాడు చదవలేకపోతే, గాబ్రియేల్ రువా మనకెందుకన్న ప్రశ్నకు జవాబు మీ ఇంట్లోనే దొరుకుతుంది.